బాయిలర్ హౌజు నీళ్లకు పూసిన హైడ్రేంజియా

మా ముత్తాత వీరభద్రప్ప ఆదోనిలో ఆవిరి యంత్రంతో నడిచే, పత్తిని బేళ్లు కట్టే ప్రెస్సు పెట్టించాడు. పెద్దకడుబూరు, కోడుమూరు వైపుల నుంచి పత్తి బండ్లు వచ్చి మా గేటు బయట వరుస కట్టేవి. ఆయన కొడుకు సిద్ధలింగప్ప, అంటే మా తాత, మార్కెట్టు వీధిలో నడిచి వస్తుంటే కాటా దగ్గరి మనుషులు తూకం ఆపి నిలబడేవారని పెద్దవాళ్లు చెప్పేవారు. ఇద్దరు వర్తకులకు మాట తేడా వస్తే ఆ తగవు మా వరండాలో తీరేది. మా నాన్న బసవరాజు కాలానికి ప్రెస్సు మూతపడింది. ఎందుకు మూతపడిందో ఇక్కడ రాయను. అది మా ఇంటి విషయం.

నేను తోటలు వేసి బతికాను. ఆదోనిలో, ఎమ్మిగనూరులో మిల్లుల గెస్ట్‌హౌసులకు, డాక్టర్ల ఇళ్లకు, వర్తకుల ఇళ్లకు నలభై ఏళ్లకు దగ్గరగా ఆ పని చేశాను. మొదటిసారి నన్ను పైపుతో చూసిన రోజు మార్కెట్టులో ఒక హమాలీ మేస్త్రీ నాకు వినపడేలాగే అన్నాడు.

"సూసినావా, వీరభద్రప్ప మునిమనమడు నీళ్లు పడతాండాడు. నీళ్లు పట్టేదానికి మనుసుల్ని పెట్టుకున్న వంశమప్పా అది."

"మంచి మనిషి దొరకలేదన్నా, అందుకే నన్నే పెట్టుకున్నా" అన్నాను. అతను నవ్వాడు. తర్వాత చాలా ఏళ్లు కొత్త తోటల పని ఎక్కడ ఉందో నాకు మొదట చెప్పింది అతనే.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. అన్ని మొక్కల గురించీ రాయను. మోకాలెత్తు మించకుండా గుబురుగా పెరిగి, గుత్తులుగా పూసే పొట్టి రకం హైడ్రేంజియా గురించి మాత్రం రాస్తాను. ఆ చల్లదేశపు మొక్క మన ఎండల్లో బతుకుతుందా అని నన్ను చాలామంది అడిగారు. అది ఎలా బతుకుతుందో తెలుసుకునే క్రమంలో మిగతా పనంతా నాకు వచ్చింది.

దానితో పాటు ఇంకో విషయం కూడా చెప్పాలి. మా ప్రెస్సులో చివరికి మిగిలింది ఒక రేకుల షెడ్డు, ఒక ఎత్తైన రాతి గోడ, నేలలో ఒక హౌజు. ఆవిరి బాయిలరుకు బావి నీళ్లు పోస్తే లోపల తెల్లగా గార కట్టి గొట్టాలు పూడుకుపోతాయి. అందుకని ముత్తాత షెడ్డు మీద పడే వాన నీళ్లన్నీ గొట్టంలోంచి దిగి నిలిచేలా రాతి పలకలతో ఆ హౌజు కట్టించాడు. అది నాకూ మా పెదనాన్న కొడుకు చెన్నబసప్పన్నకూ ఉమ్మడి. పక్కన పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు ఫ్యాక్టరీ వాళ్లు ఆ స్థలం అడిగేవారు. అమ్ముదామని అన్న అనేవాడు. ఆ నీళ్లు లేకపోతే నా మొక్కలు చస్తాయని నేను అడ్డం పడేవాణ్ని. నేను చెప్పేది నిజమా కాదా అన్నది నాకే తెలియదు. అది తేలడానికి నేను తోటపని చేసిన కాలం దాదాపు మొత్తం పట్టింది.

మధ్యాహ్నం వాలిపోయే ఆకు

నా మొదటి బాసు ఒక నూనె మిల్లు మేనేజరు. బెంగళూరు మనిషి. భార్య ముచ్చటపడిందని అక్కడి నుంచి పది పన్నెండు కుండీల హైడ్రేంజియా కారు డిక్కీలో పెట్టించి తెచ్చాడు. దిగిన రోజు గుత్తులు గులాబీ రంగులో నిండుగా ఉన్నాయి. మిల్లు వాచ్‌మన్ వాటి చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది పువ్వా గోబీనా సారూ? కూర సేసుకుంటే యట్లుంటాది?" అని అడిగాడు. మేనేజరు నవ్వలేదు.

రెండో రోజు మధ్యాహ్నానికి ఆకులన్నీ తడిగుడ్డల్లా వేలాడాయి. మేనేజరు కిటికీలోంచి చూసి పైపు వేయమన్నాడు. వేశాం. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వాలాయి. మళ్లీ వేశాం. నేను కుండీలో వేలు పెట్టి చూశాను. అడుగు వరకు తడిగానే ఉంది. తడి ఉన్న మొక్క ఎందుకు వాలుతోంది? సాయంత్రం ఎండ దిగాక చూస్తే, పైపు వేసిన కుండీలూ లేచాయి, పైపు అందక మరిచిపోయిన మూల కుండీ కూడా లేచింది. అంటే నీళ్ల వల్ల లేవలేదు. ఎండ వేళ ఆకు వెడల్పు మీద ఆవిరయ్యేంత నీటిని వేరు అంత వేగంగా పైకి పంపలేదు. ఎండ తగ్గితే రెండూ సరిపోతాయి.

ఈ మాట మేనేజరుకు చెప్పాను.

"ఆకు దప్పికతో వాలుతుంటే నువ్వు శాస్త్రం చెబుతావా?" అన్నాడు.

ఆయన కుర్చీ పెద్దది. నీళ్లు పడుతూ పోయాం. నెల తిరిగేలోగా వేర్లు కుళ్లి కుండీలు ఒక్కొక్కటే పోయాయి. మూల కుండీ ఒకటి మిగిలింది. దాన్ని పారేయమన్నాడు. నేను అడిగి ఇంటికి తెచ్చుకున్నాను.

పిల్లలకు మొదటి మాట ఇదే. ఉదయం వాలిన ఆకుకు నీళ్లు పొయ్యండి. మధ్యాహ్నం వాలిన ఆకును సాయంత్రం దాకా చూడండి. మన ప్రాంతంలో దాహంతో చచ్చిన కుండీ మొక్కల కంటే భయంతో పోసిన నీళ్లకు చచ్చినవే ఎక్కువ.

కెటిలు లోపలి గార

తెచ్చిన కుండీని ప్రెస్సు గోడకు తూర్పు పక్కన పెట్టాను. అక్కడ పొద్దుటి ఎండ పడుతుంది, మధ్యాహ్నం నుంచి గోడ నీడ. హౌజు పక్కనే కాబట్టి ఆ నీళ్లే పోశాను. మొక్క నిలిచింది. కొమ్మ ముక్కలు నాటితే వేర్లు పట్టాయి. వాటిలో కొన్ని ఆ నూనె మిల్లు గెస్ట్‌హౌసుకు తీసుకుపోయి పెట్టాను.

అక్కడివి కొన్నాళ్లకు పసుపు తిరిగాయి. ఈనెలు పచ్చగానే ఉన్నాయి, మధ్యలో ఆకు పసుపు. గోడ దగ్గరివి ముదురాకు పచ్చ. ఒకే తల్లి పిల్లలు, ఒకే మన్ను, ఒకే పక్క నీడ. ఎరువు వేశాను, మారలేదు. ఒకరోజు గెస్ట్‌హౌసు వంటగదిలో టీ కెటిలు మూత తీసి చూశాను. లోపల తెల్లటి గార గోటితో గీకినా రాలనంత గట్టిగా ఉంది. అది బోరు నీళ్ల కెటిలు. మా ఇంట్లో హౌజు నీళ్లు కాచే కెటిలుకు అలాంటిది లేదు.

ముత్తాత బాయిలరును దేని నుంచి కాపాడాడో, ఈ మొక్కను కూడా దాని నుంచే కాపాడాలని అప్పుడు అర్థమైంది. సున్నం కలిసిన నీళ్లు మన్నును పులుపు లేకుండా చేస్తాయి. మన్నులో ఇనుము ఉన్నా ఈ మొక్క వేరుకు అందదు. దానికి కొంచెం పులిసిన మన్ను కావాలి. ఆ రోజు నాకు కలిగిన సంతోషంలో సగం మొక్క గురించి, సగం ముత్తాత గురించి.

మన్ను సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. దీన్ని నల్లరేగడిలో నాటకండి. వానకు ముద్దవుతుంది, ఎండకు నెర్రెలిచ్చి వేర్లను తెంపుతుంది. ఎర్రమన్ను, మాగిన ఆకు ఎరువు, జిన్నింగు ఫ్యాక్టరీ వెనక పారబోసే చెత్త బాగా కుళ్లింది, ఇవి కలిపి గట్టులా ఎత్తు చేసి నాటండి. పత్తి గింజల చెక్క మన దగ్గర గేదెలకు పెట్టేదే. దాన్ని పొడి చేసి పిడికెడు పైమన్నులో కలిపితే మన్ను మెల్లగా పులుపు తేలుతుంది. పచ్చి చెక్క గుప్పించకండి. వేడెక్కి వేర్లు కాలుతాయి, పందికొక్కులు వస్తాయి.

తిప్పన్న బకెట్టు

ఎమ్మిగనూరులో ఒక డాక్టరు ఇంటి తోట నా చేతిలో ఉండేది. అక్కడ పెట్టిన హైడ్రేంజియాలకు హౌజు నీళ్లు డబ్బాల్లో తెచ్చి పోసేవాణ్ని. పక్కనే తిప్పన్న నూలుకు రంగులు వేసే షెడ్డు. తిప్పన్నకు తెలియని విషయం లోకంలో లేదు, కనీసం ఆయన లెక్క ప్రకారం. ఆయన కోడలు నాగవేణి నా దగ్గర తోటపనిలో కుదిరింది. ఆమెకు ప్రశ్నలు ఎక్కువ. నాకు అది నచ్చింది.

అప్పటికి ప్రెస్సు గోడ దగ్గర నా మొక్కలు ఊదాకూ గులాబీకీ మధ్య తేల్చుకోలేని రంగులో పూసేవి. నీలం తెప్పించాలని నా పట్టు. తిప్పన్న గోడ మీది నుంచి తొంగిచూసి అన్నాడు.

"పటిక ఎయ్యి సావుకారప్పా. నూలుకు రంగు పట్టాలంటే ముందు పటిక నీళ్లలో ముంచాల. నూలుకు పట్టేది పువ్వుకు పట్టదా?"

"నూలు చచ్చిన దారం తిప్పన్నా. ఇది బతికిన చెట్టు."

"యాడన్నా రంగు రంగే కదప్పా!"

మేము భోజనానికి వెళ్లి వచ్చేసరికి ఆయన ఒక బకెట్టు నిండా చిక్కటి పటిక నీళ్లు వరుసలో మొదటి మొక్కకు పోసి ఉంచాడు. నాగవేణి తల పట్టుకుంది.

"ఏం పని సేస్తివి మామా! ఒక గ్లాసు పొయ్యకూడదా?"

"పట్టించేటప్పుడు పట్టించాల్సిందే. మనకాడ అరకొర పని లేదు."

ఆ మొక్క వారంలో మాడిపోయింది. తిప్పన్న తర్వాత చాలా రోజులు గోడ వైపు రాలేదు. అయితే గట్టు కొంచెం వాలు. పోసిన నీళ్లలో కొంత జారి పక్క మొక్క మొదట్లోకి పోయింది. పూత కాలం వచ్చాక ఆ రెండో మొక్క నీలంగా పూసింది. పొద్దుటి ఆకాశం నీలం. మూడోది ఊదా. నాలుగోది ఉత్త గులాబీ. వరుస చూస్తే పటిక ఎంతవరకు పారిందో కళ్లకు కట్టింది.

నాగవేణి కూర్చుని ఒక్కొక్క మొక్క దగ్గర మన్ను తీసి నలుపుతూ అడిగింది. "అప్పా, మా మామ సెప్పింది నిజమేనా అయితే?"

"మందు నిజమే. మోతాదు అబద్ధం" అన్నాను.

అప్పటి నుంచి మేము చిటికెడు పటిక బకెట్టెడు హౌజు నీళ్లలో కరిగించి, మొగ్గ కట్టక ముందు నుంచి కొద్దికొద్దిగా పోస్తూ వచ్చాం. బోరు నీళ్లు పట్టే చోట మాత్రం ఎంత పోసినా నీలం రాదు. నీళ్లలోని సున్నం దాన్ని తినేస్తుంది. ఇది కూడా హౌజు పక్షాన నా వాదనే అయింది. అన్న ఎప్పుడు అమ్మకం మాట ఎత్తినా నీలం గుత్తి ఒకటి కోసి ఆయన చేతిలో పెట్టేవాణ్ని.

"పువ్వు బాగుండాది మల్లూ. దీన్ని పెట్టి ఇల్లు రిపేరు సేస్తామా?" అనేవాడు.

దీపావళి సున్నం

నీలం సాధించాక నేను ఊరికే ఉండలేదు. ఆదోనిలో ఒక కమీషన్ వర్తకుడి ఇంటి ముందు మొత్తం నీలం మొక్కలే పెట్టాను. వాళ్ల ఇల్లాలు పార్వతమ్మ బయటికి వచ్చి చూసింది. ఆమె మొహం చూసి నాకు పని చెడిందని తెలిసింది.

"ఏమప్పా ఇది? శని రంగు తెచ్చి గడప ముందర పెడతివే?"

"నీలం తెప్పించడం చాలా కష్టమమ్మా. ఈ ఊళ్లో ఎవరి ఇంటి ముందరా లేదు."

"ఎవరింటి ముందరా లేదంటే వాళ్లకు బుద్ధుండాదని అర్థం."

ఆమె భర్త గట్టిగా నవ్వి లోపలికి పోయాడు. నేను మొక్కలు తీసేస్తానన్నాను. ఆమె మనిషి మంచిదే, నా కష్టం చూసి ఉండనిమ్మంది. కాకపోతే పెరట్లోకి మార్చమంది.

దీపావళికి ముందు వర్తకుల ఇళ్లలో లక్ష్మీపూజ కోసం అన్నిటికీ సున్నం కొడతారు. గోడలకు, చెట్ల మొదళ్లకు, తొట్ల అంచులకు, మడి చుట్టూ ఇటుకలకు. ఆ ఏడు సున్నం కొట్టేవాళ్లు నా కుండీలను కూడా వదల్లేదు. లోపలా బయటా కొట్టారు. మిగిలిన సున్నపు నీళ్లు కుండీల్లోనే కుమ్మరించారు. వాళ్ల పనిలో లోపం లేదు, ఎప్పుడూ అలాగే చేస్తారు. నేను చూసేసరికి వానలు కూడా పడిపోయాయి.

పూత కాలంలో పార్వతమ్మ మనిషిని పంపి పిలిపించింది. మొక్కలన్నీ గులాబీ. ఆకులు కొంచెం పసుపు తిరిగినా పువ్వులు నిండుగా ఉన్నాయి.

"సూడప్పా! లక్ష్మీపూజ సేసుకున్నాం, శని ఇడిసి పాయె."

"పోయింది శని కాదమ్మా, పటిక. సున్నం పడితే పువ్వు ఇట్లా మారుతుంది."

"ఏదైనా పాయె కదా! ఇంగ నువ్వేమీ ఎయ్యొద్దు."

ఇక్కడ నాకు తెలిసిన సంగతి నీలం మీద నాకున్న గర్వానికి రుచించలేదు. మన ఊరి నీళ్లు, మన ఊరి సున్నం ఏ శ్రమా లేకుండా ఇచ్చేది గులాబీ. అక్కడ కావలసింది కూడా గులాబీయే. నేను కష్టపడి తెచ్చిన రంగు నాకు మాత్రమే కావాలి. అయితే ఆకు పసుపు తిరగకుండా గులాబీ పూయించడం ఎలా అన్నది కొత్త ప్రశ్న అయింది. దానికి జవాబు పటిక లేకుండా వాన నీళ్లు, కుండీకి సున్నం కొట్టనివ్వకుండా దాన్ని ఇటుకల మీద ఎత్తి పెట్టడం. పార్వతమ్మ ఇంట్లో ఇప్పటికీ అలాగే పూస్తున్నాయి. ఇంటివాళ్ల తోటలో మీ ముచ్చట తీర్చుకోకండి. మీ ముచ్చటకు మీ గోడ పక్కన ఒక మడి ఉంచుకోండి.

కత్తెర తగలని మొక్క

దసరా తర్వాత రోజాలను కత్తిరించడం అందరికీ తెలుసు. ఎమ్మిగనూరు డాక్టరుకు తోట ఒక ఎత్తున కనపడాలి. రోజాలతో పాటు హైడ్రేంజియాలు కూడా కత్తిరించమనేవాడు. కత్తిరించేవాళ్లం. తిప్పన్న బకెట్టు ఏడు డాక్టరు ఊళ్లో లేడు కాబట్టి కత్తెర పడలేదు. తర్వాత మూడేళ్లు అక్కడ ఆకు తప్ప పువ్వు లేదు. పటికది తప్పు అనుకున్నాం, నీళ్లది తప్పు అనుకున్నాం.

నాలుగో ఏట నాగవేణి మద్దికెరలో పెళ్లికి పోవాలని తొందరలో చివరి మొక్క వదిలేసి పోయింది. ఆ ఒక్కటీ పూసింది. ఆమె నన్ను పిలిచి చూపించి అంది.

"అప్పా, దీనికి నేనేమీ సేయలేదు. అందుకే పూసినాదేమో."

ఆ మాట మీద తర్వాతి దసరాకు ఇద్దరం ఒక కొమ్మను నిలువుగా చీల్చి చూశాం. ఆ ఏడు పెరిగిన కొమ్మ చివర, చలికి ముందే, గింజంత మొగ్గ ముడుచుకుని ఉంది. దసరాకు కత్తెర వేస్తే రాబోయే పూతను కోసి పారేసినట్టే. ఈ రకానికి పూత అయిపోయిన వెంటనే, ఎండలు ముదరక ముందే వాడిన గుత్తి కింద కొంచెం కత్తిరించాలి. తర్వాత కత్తెర ముట్టకూడదు. పొట్టి రకం కాబట్టి ఎత్తు దానంతట అదే అదుపులో ఉంటుంది. డాక్టరుకు చెబితే, "ఇన్నాళ్లూ నేను పువ్వులు కోయిస్తున్నానా?" అని నోరు తెరిచాడు. తర్వాత తానే కాపలా కాశాడు. అందరు బాసులూ ఒకలా ఉండరు.

రెండు వరుసలు

నేను పని మానుకునే వయసు వచ్చింది. అన్నకు కూడా ఓపిక తగ్గింది. ఆయన ఇంటి కప్పు ఒక పక్క దిగిపోతోంది. ఒకరోజు పక్క జిన్నింగు యజమానిని వెంటబెట్టుకుని హౌజు దగ్గరికే వచ్చాడు.

"ఒరే మల్లూ, ఈ తడవ నేను అడిగేకి రాలేదు. సెప్పేకి వచ్చినా. నా బాగం నేను అమ్ముకుంటా."

"హౌజుకు భాగాలు ఎట్లా వేస్తావన్నా? సగం నీళ్లు అమ్ముతావా?"

"నీళ్లు నువ్వే తాగు. నాకు కప్పు కావాల."

యజమాని మర్యాదస్తుడు. గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. వచ్చే పూత దాకా ఆగమని అడిగాను. అన్న ఒప్పుకున్నాడు.

ఆగమన్నది ఎందుకంటే, అప్పుడే నాగవేణి ఎమ్మిగనూరులో సొంత నర్సరీ పెట్టుకుంటూ నా పొట్టి రకం కొమ్మలు అడిగింది. ఏళ్ల తరబడి మన ఎండకు తట్టుకున్నవే ఏరి, వాటి కొమ్మలే నాటుతూ వచ్చిన రకం అది. నా దగ్గర తప్ప ఎక్కడా లేదు.

"కొమ్మలు ఇస్తానమ్మా. హౌజు నీళ్లు ఎట్లా ఇచ్చేది? అవి లేకుంటే ఇది బతకదు" అన్నాను.

"మా షెడ్డు రేకుల మీద పడేది వాన కాదా అప్పా? మీ ప్రెస్సు మీద పడితేనే వానా?"

తిప్పన్న పక్కనే ఉన్నాడు. రంగుల పని ఆయన మానుకుని చాలా కాలమైంది. రంగులు కలిపే సిమెంటు తొట్లు ఖాళీగా ఉన్నాయి. రెండు వానాకాలాలు కడిగి పారబోసి, మూడో వానాకాలం నీళ్లు వాటిలో పట్టి పెట్టుకున్నారు.

"నా తొట్లలో ఏ నీళ్లు పోసినా రంగు తప్పదు సావుకారప్పా" అన్నాడు.

ఒకే తల్లి మొక్క కొమ్మలు రెండు వరుసలు చేశాం. ఒకే మన్ను, ఒకే చెక్క పొడి, ఒకే పటిక. ఒక వరుస నా గోడ కింద హౌజు నీళ్లతో. ఒక వరుస వాళ్ల పెరట్లో రంగు తొట్ల నీళ్లతో. వాళ్లకు రాతి గోడ లేదు. మధ్యాహ్నం షేడ్ నెట్టు లాగుతారు, సాయంత్రం తీసేస్తారు. వాళ్లవి పూయకపోతే అన్నకు చూపించడానికి నా చేతిలో సాక్ష్యం ఉంటుంది. పూస్తే ఇక అడ్డం పడడానికి నాకు మాట ఉండదు. ఏది కావాలని కోరుకున్నానో ఆ చలికాలమంతా నాకే స్పష్టంగా తెలియదు. బస్సెక్కి పోయి చూసి వచ్చేవాణ్ని.

సంక్రాంతి దాటి చలి తగ్గుముఖం పట్టాక వాళ్ల వరుసలో మొగ్గలు కనపడ్డాయి. నా వరుసలో లేవు. శివరాత్రికి వాళ్లవి విచ్చుకున్నాయి. మొక్కకు నాలుగైదు గుత్తులు. నావి మొక్కకు ఒకటి రెండు, అవీ ఆలస్యంగా.

నేను ఓడినందుకు బాధపడే తీరిక కూడా లేకపోయింది, ఎందుకన్నది అంతగా పట్టుకుంది. వాళ్లవి బతకడమే కాదు, నా వాటిని మించి పూశాయి. నీళ్లు రెండూ వాన నీళ్లే. మరి తేడా ఎక్కడుంది? నాగవేణి మా ఇంటికి వచ్చింది. చీకటి పడుతుండగా మడి దగ్గర నిలబడి గోడ మీద అరచెయ్యి పెట్టింది.

"అప్పా, ఈడ సెయ్యి పెట్టు."

పెట్టాను. రాయి వెచ్చగా ఉంది. పడమటి ఎండను సాయంత్రం దాకా తాగిన గోడ ఆ వేడిని చీకటి పడ్డాక తూర్పు పక్కకు వదులుతోంది. కొమ్మ చివర ముడుచుకున్న మొగ్గ పూతకు రావాలంటే ఈ మొక్కకు కొన్ని వారాలు చల్లటి రాత్రులు కావాలి. వాళ్ల పెరడు రాత్రంతా ఆకాశానికి తెరిచి ఉంటుంది. నా మొక్కలు ప్రతి చలికాలం మా ముత్తాత గోడ పక్కన వెచ్చగా పడుకున్నాయి. వేసవిలో వాటిని బతికించిన గోడే చలికాలంలో పూత తగ్గించింది. ఇన్నేళ్లు నేను ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూడలేదు. పెట్టినప్పుడు కూడా గర్వంగా పెట్టాను, పరీక్షగా పెట్టలేదు.

"కుండీలైతే ఎండాకాలం గోడ కిందికి, సలికాలం బయటికి జరుపుకోవచ్చు కదప్పా" అంది నాగవేణి. ఆమెకు అప్పుడే తర్వాతి పని మీదికి పోయింది మనసు. పనిలో పైకి వచ్చేవాళ్లు అలాగే ఉంటారు.

మర్నాడు పొద్దున అన్న ఇంటికి వెళ్లాను. దిగిపోయిన కప్పు కింద కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"అమ్ముదామన్నా."

ఆయన నమ్మలేదు. "చెట్లకు నీళ్లు?"

"ఎమ్మిగనూరులో కూడా వాన పడుతుందంట."

అన్న తల ఎత్తి దిగిపోయిన కప్పు చూశాడు. తర్వాత, "ముత్తాత సూసింటే ఏమనేవాడో" అన్నాడు.

"బాయిలర్ ఎక్కడ పెట్టినావని అడిగేవాడు" అన్నాను. ఇద్దరం నవ్వాం.

మొక్కలన్నీ ఆటోలో ఎమ్మిగనూరు చేరాయి. తల్లి మొక్కను కూడా ఇచ్చేశాను. తిప్పన్న దానికి పటిక పోయకుండా నాగవేణి దాని చుట్టూ కంచె కట్టింది. వారానికోసారి వెళ్లి చూసి వస్తాను. అక్కడ పని నేర్చుకునే పిల్లలకు నేను మొదట చెప్పేది మొక్క గురించి కాదు. రాత్రికి ముందు ఒకసారి గోడ మీద చెయ్యి పెట్టి చూడమంటాను.

ప్రెస్సు యంత్రాలు మా నాన్న కాలంలో అమ్ముడుపోయాయి. బాయిలర్ తుక్కు కింద పోయింది. వరండా ఉన్న ఇల్లు నా చిన్నప్పుడే పోయింది. షెడ్డు, రాతి గోడ, హౌజు పోయిన వేసవిలో మేమిద్దరం సంతకాలు పెట్టి అమ్మేశాం. కొన్నాయన హౌజు పలకలు తీయించి, గుంటను నల్లరేగడితో పూడ్చి, దాని మీద పత్తి గోడౌను కట్టుకున్నాడు.